పిల్లల్ని దింపేసి వెళ్ళిపోయే తల్లిదండ్రులకు స్కౌట్ ట్రూప్‌లో డ్యూటీ తప్పనిసరి చేయాలా?

నాలుగు గూటాలు:
సూటిగానే అడుగుతున్నా, తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి. పదకొండేళ్ళుగా ట్రూప్ నడుపుతున్నా. పిల్లలు ముప్పై మంది. లీడర్లం ముగ్గురం ఉండేవాళ్ళం, ఒకాయన ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఇద్దరం. ఏ కార్యక్రమానికైనా కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలన్నది రూలు కాబట్టి ఇద్దరిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆ వారం విజిల్ మోగదు. పోయిన నెల అదే జరిగింది. రెండు రాత్రుల క్యాంపు, పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని నిలబడ్డారు, పొద్దున ఆరింటికి మా రెండో లీడర్ నుంచి ఫోను, లేవలేకపోతున్నా అని. వెంటనే గ్రూపులో పెట్టా, ఎవరైనా ఒక్కరు రండి బాబూ అని. అందరూ చూశారు, ఒక్కరూ బదులివ్వలేదు. క్యాంపు రద్దు. సాయంత్రానికి మాత్రం ఏడు మెసేజ్‌లు, మా వాడు ఏడుస్తున్నాడు, ముందే చెప్పాల్సింది కదా అని. జ్వరం ముందే చెప్పి వస్తుందా?

నా ప్రతిపాదన ఇది. ట్రూప్‌లో చేర్చుకునేటప్పుడే సంతకం తీసుకుందాం, ఒక్కో ఇంటి నుంచి ఏడాదికి మూడు రోజులు ఎవరో ఒకరు డ్యూటీకి రావాలి. రాకపోతే పిల్లవాడి పేరు మళ్ళీ వెయిటింగ్ లిస్టులోకి. ఇందులో తప్పేముంది?

రాత్రి షిఫ్ట్:
మీ బాధ అర్థమైందండీ, కానీ ఆ రూలు పెట్టిన రోజే మా అమ్మాయి పేరు కొట్టేసుకోవచ్చు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే, వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ, మీ మీటింగ్ జరిగే ఆ గంటన్నరే నాకు కాస్త కన్ను మూతపడే టైము. దింపేసి వెళ్ళిపోతారు అన్నారే, వెళ్ళి ఏం చేస్తున్నామో ఎప్పుడైనా అడిగారా? అయినా ఈ రూలు వల్ల బయటికి పోయేది ఎవరి పిల్లలు? తీరిక ఉన్నవాళ్ళ పిల్లలైతే కాదు.

పాత రోవర్:
దీన్నే బలవంతపు బ్రాహ్మణార్థం అంటారు. మా ట్రూప్‌లో ఒక ఏడాది ఇలాగే డ్యూటీ చార్టు గోడకి అతికించారు. వచ్చినవాళ్ళలో ఒకాయన మూల కుర్చీలో కూర్చుని రెండు గంటలు ఫోన్ చూసుకున్నాడు, ఇంకొకాయన వాళ్ళబ్బాయి పెట్రోల్ (ట్రూప్‌లోని చిన్న జట్టు) గెలవాలని లైను పక్కన నిలబడి అరిచాడు, ఆ అరుపుకి చిన్నపిల్లలు బిక్కచచ్చిపోయారు. ఏడాది తిరిగేసరికి చార్టూ లేదు, ఆ కుటుంబాలూ లేవు.

కానీ అన్నా, అసలు మీరు ఇంతగా ఎందుకు అలసిపోతున్నారో చెప్పండి. వంట సామాను లిస్టు ఎవరు రాస్తున్నారు? టెంట్లు ఎవరు ఎండబెడుతున్నారు? క్లోవ్ హిచ్ ముడి ఎవరు నేర్పుతున్నారు? అన్నీ మీరే అయితే మీకు తోడు నలుగురొచ్చినా సరిపోరు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవిలో, స్కౌటింగ్‌ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ మొదటి క్యాంపు పెట్టినప్పుడు సుమారు ఇరవై మంది పిల్లలు, అందులో కొందరు డబ్బున్న ఇళ్ళవాళ్ళు, కొందరు కూలి చేసుకునేవాళ్ళ పిల్లలు. వాళ్ళని నాలుగు పెట్రోల్స్‌గా విడగొట్టాడు. తోడేళ్ళు, ఎద్దులు, రావెన్ కాకులు, కర్లూ పిట్టలు. ఒక్కోదానికి వాళ్ళలోనే పెద్దవాణ్ణి లీడర్ని చేసి, ఆ పెట్రోల్ ఏం చేసినా చేయకపోయినా బాధ్యత వాడిదే అన్నాడు. స్కౌటింగ్ పుట్టిందే అలా. మనం దాన్ని బడిలా మార్చి, ఇప్పుడు టీచర్లు చాలట్లేదని ఏడుస్తున్నాం.

నాలుగు గూటాలు:
1907లో అరచేతిలో ఫోను లేదు, ఇన్సూరెన్స్ ఫారాలు లేవు తమ్ముడూ. ఇప్పుడు కూరగాయలు కోస్తూ పిల్లాడి వేలు తెగితే ముందు ఫొటో గ్రూపులోకి వెళ్తుంది, బ్యాండేజీ తర్వాత. పద్నాలుగేళ్ళవాడి చేతిలో క్యాంపు పెట్టి నేను దూరంగా కూర్చున్నానంటే రేపు ఎవరికి సమాధానం చెప్పాలి? చెప్పడం తేలికే.

సంతకం ఎక్కడ:
నాకు వేరే అనుమానం ఉంది. నాలుగు గూటాలు గారూ, ఆ రోజు పొద్దున గ్రూపులో ఎవరో ఒకాయన “నేనొస్తా” అని ఉంటే, ఏ శిక్షణా లేదు, ఎవరూ ఆయన గురించి వాకబు చేయలేదు, అయినా క్యాంపుకి తీసుకెళ్ళేవారా?

నాలుగు గూటాలు:
నిజం చెప్పమంటే, తీసుకెళ్ళేవాణ్ణి. ముప్పై మొహాలు నా వైపే చూస్తున్నాయి.

సంతకం ఎక్కడ:
అదే నా భయం. మీ మీద కోపంతో అనట్లేదు, ఆ పొద్దున మీ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో. కానీ ఇద్దరు పెద్దలు అన్న రూలు తలకాయల లెక్క కాదు. ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, ఒకరు తప్పు చేస్తే గుర్తుపట్టి ఆపగలిగే ఇంకొకరు పక్కన ఉండాలి, దానికి ఆ రూలు. ఆ ఇంకొకరికి ఏది తప్పో కూడా తెలియకపోతే రూలు కాగితం మీదే ఉన్నట్టు. అమెరికాలో ఏమైందో చూశాం కదా. దశాబ్దాల పాటు జరిగిన లైంగిక వేధింపుల కేసులు మీద పడి అక్కడి బాయ్ స్కౌట్స్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. 82 వేల మందికి పైగా ముందుకొచ్చి మాకూ జరిగింది అన్నారు. పరిహార నిధి దాదాపు 246 కోట్ల డాలర్లు. అక్కడ రూళ్ళు లేక కాదు, ఉన్న రూళ్ళని “తెలిసినాయనే కదా” అని పక్కన పెట్టిన చోట్ల జరిగింది చాలా ఉంది. మీ డ్యూటీ చార్టు వల్ల ఏడాదికి ముప్పై మంది కొత్త పెద్దలు మూడేసి రోజులు వచ్చిపోతుంటే, వాళ్ళందరి గురించి ఎవరు విచారిస్తారు? మీకున్నదే ఇద్దరు.

క్యాంపు రద్దు చేయడం సరైన పనే, మీరు ఎందుకో నేరం చేసినట్టు రాశారు.

కబ్ అక్క:
పాత రోవర్ గారు చెప్పింది బాగుంది కానీ అది పెద్ద పిల్లల మాట. నా దగ్గరున్నవాళ్ళు కబ్స్, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ళవాళ్ళు. మా సిక్సర్‌కి, అంటే చిన్న జట్టుకి లీడరైన పిల్లాడికి, మహా అయితే ఒక ఆట అప్పజెప్పగలను. చూసినవి గుర్తుపెట్టుకునే కిమ్స్ గేమ్‌లో పళ్ళెంలో వస్తువులు సర్దడం, ఒక నిమిషం లెక్కపెట్టి గుడ్డ కప్పడం, అంతవరకు. అందులోనూ ఎవడు గుడ్డ ఎత్తి చూశాడన్న పంచాయితీ నేనే తీర్చాలి. ప్యాక్‌కి, అంటే కబ్స్ గుంపుకి, పెద్దలు కావాలి, అదీ వారం వారం కనబడే మొహాలే కావాలి. చిన్నపిల్లలు మనిషికి అలవాటు పడితేనే మాట వింటారు, వారానికో కొత్త అంకుల్ వస్తే ప్యాక్ చెదిరిపోతుంది. కాబట్టి డ్యూటీ రూలు నాకూ వద్దు, వేరే కారణంతో.

శిక్షణ మాట వచ్చింది కనుక. బేడెన్ పవెల్ లీడర్ల కోసం గిల్‌వెల్ పార్కులో మొదటి వుడ్ బ్యాడ్జి కోర్సు పెట్టించింది 1919లో. అంటే ఉద్యమం మొదలైన పన్నెండేళ్ళకే, మంచి మనసు ఒక్కటే చాలదని వాళ్ళకి అర్థమైపోయింది. ఆ కోర్సు పూర్తిచేస్తే ఇచ్చే రెండు చెక్క పూసలు మెడలో పడేసరికి నాకు ఏడాదిన్నర పట్టింది, మూడు రోజుల డ్యూటీతో అది ఎలా వస్తుంది?

పెట్రోల్ లీడర్ 16:
నేను మాట్లాడొచ్చా? మా అమ్మ డ్యూటీకి వస్తే నేను మానేస్తా, ఇది జోక్ కాదు. పోయినసారి పయొనీరింగ్ పోటీలో కర్రలతో టవర్ కడుతుంటే ఒక అంకుల్ వచ్చి “జరుగు, నేను కడతా” అని వాళ్ళబ్బాయి కట్టాల్సిన లాషింగ్ (కర్రల్ని తాడుతో బిగించే కట్టు) మొత్తం తనే కట్టేశారు. టవర్ నిలబడింది. మా పెట్రోల్‌లో ఒక్కడికీ సంతోషం లేదు. ఇంకోటి, మా లీడర్ సార్ మంచాయనే కానీ మెనూ మేం రాసిస్తే ఇంటికి తీసుకెళ్ళి మార్చేసి తెస్తారు. మూడుసార్లు అలా అయ్యాక మేం రాయడం మానేశాం. ఇప్పుడు ఆయన “మీకు ఇనిషియేటివ్ లేదు” అంటున్నారు.

పాత రోవర్:
పైన రాసింది ప్రింటు తీసి ప్రతి స్కౌట్ హాల్లో అతికించాలి.

విజిల్ పక్కన పెట్టేశా:
ఏడేళ్ళు లీడర్‌గా చేసి మానేసినవాణ్ణి. ఎందుకు మానేశావని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెప్తా. పని ఎక్కువై కాదు. క్యాంపు నుంచి వచ్చాక తడి టెంట్లు నా ఇంటి మేడ మీద ఆరేవి, ఆదివారం మొత్తం వాటిని తిరగేయడమే, అదీ నాకు ఇష్టంగానే ఉండేది. విసుగు తెప్పించింది రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజ్‌లు. వాటర్ బాటిల్ కనబడట్లేదు, మా వాడికి ఆ బ్యాడ్జి ఎందుకు రాలేదు, పక్క పెట్రోల్‌లో వేయండి. వాళ్ళ దృష్టిలో నేను జీతం తీసుకునే మనిషిని. ఒకావిడ నేరుగా అడిగింది కూడా, ఫీజు కడుతున్నాం కదా, ఆ డబ్బంతా మీకేగా అని. ఆ ఫీజులో ఒక్క పైసా నాకు రాదని, వారం మధ్యలో తాళ్ళు కొన్నది నా జేబులోంచని ఆవిడకి తెలియదు. తెలియకపోవడం ఆవిడ తప్పు కాదేమో, ఎవరూ చెప్పలేదు.

నాలుగు గూటాలు గారూ, మీ సమస్య పెద్దలు రాకపోవడం ఒక్కటే కాదు, వచ్చినవాళ్ళు నిలవకపోవడం. మూడో లీడర్ ఉద్యోగం మారి వెళ్ళాడన్నారు. నిజంగా అదేనా? ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

అయితే జీతమే ఇద్దాం:
ఇంత గొడవ దేనికి, గంటకింత అని ఇచ్చి ఇద్దరిని పెట్టుకుంటే పోలా?

కబ్ అక్క:
ఆ డబ్బు ఫీజులోంచే రావాలి, ఫీజు పెరిగితే రాత్రి షిఫ్ట్ గారి అమ్మాయిలాంటివాళ్ళు మళ్ళీ బయటికే. ఆఫీసుల్లో జీతాలకు పనిచేసేవాళ్ళు చాలా దేశాల స్కౌటింగ్‌లో ఉన్నారు, కానీ ట్రూప్ ముందు నిలబడేది దాదాపు ఎక్కడైనా వాలంటీరే. అలాగని ఖర్చులు కూడా వాళ్ళ జేబులోంచే పోవాలని ఎక్కడా లేదు. తాళ్ళ బిల్లు ట్రూప్ కట్టాలి, కోర్సు ఫీజు ట్రూప్ కట్టాలి. మొహమాటపడి అడగకపోవడం మన దగ్గరున్న జబ్బు.

నాలుగు గూటాలు:
రాత్రంతా ఇవి చదివా. మూడో ఆయనకి ఫోన్ చేశా. ఉద్యోగం మారిన మాట నిజమే, కానీ కొత్త ఆఫీసు హాలుకి ఇంకా దగ్గర! మీరు నన్ను ఒక్క నిర్ణయమైనా తీసుకోనివ్వలేదు కదా అన్నాడు, నవ్వుతూనే. మెనూ సంగతి రాసిన కుర్రాడు మా ట్రూప్ వాడు కాకపోవచ్చు, కానీ మా ట్రూప్ వాడూ అదే రాస్తాడు.

అయితే ఒక మాట మీద నేను దిగిరాను. పిల్లలకి అప్పజెప్పినంత మాత్రాన పెద్దల అవసరం తగ్గదు. పెట్రోల్ లీడర్ వంట చేయించినా పొయ్యికి పది అడుగుల దూరంలో నేనుండాల్సిందే, రాత్రి ఇద్దరం ఉండాల్సిందే. అంటే ఇద్దరికి తోడు ఇంకో ఇద్దరు నాకు కావాలి, అదీ శిక్షణ పూర్తయినవాళ్ళు. వాళ్ళు ఆకాశంలోంచి రాలిపడరు.

పాత రోవర్:
ఒప్పుకుంటున్నా. పెద్దల పని తగ్గుతుంది, సంఖ్య తగ్గదు. కానీ పని తగ్గితే వచ్చేవాళ్ళు భయపడరు. మీరు చేసేదంతా చూసి “అమ్మో, ఈయనలా నావల్ల కాదు” అనుకునేవాళ్ళే ఎక్కువ.

రాత్రి షిఫ్ట్:
నాదొక ప్రశ్న. మీరెప్పుడూ గ్రూపులో “ఎవరైనా రండి” అంటారు. ఎవరైనా అంటే ఎవరూ కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నన్ను పేరు పెట్టి ఎవరూ ఏదీ అడగలేదు. నేను రాలేను, నిజమే. కానీ పగలు మెలకువగా ఉన్నప్పుడు లెక్కల పుస్తకం రాయగలను, పిల్లల మందుల వివరాలు, ఫోన్ నంబర్ల ఫారాలు వెనకబడి తెప్పించగలను, రాత్రి పదకొండింటి మెసేజ్‌లకు మీ బదులు నేనే సమాధానం ఇస్తా, ఆ టైముకి ఎలాగూ మేలుకునే ఉంటా. వాటర్ బాటిళ్ళ శాఖ నాకు రాసేయండి.

సంతకం ఎక్కడ:
పిల్లల వివరాల ఫారాలు చూసేవాళ్ళకి కూడా కాస్త శిక్షణ, గోప్యత మీద ఒక సంతకం ఉండాలండీ. నవ్వకండి.

రాత్రి షిఫ్ట్:
పెడతా. ఎక్కడో చూపించండి.

నాలుగు గూటాలు:
సరే, వచ్చే మీటింగ్‌లో డ్యూటీ చార్టు చదవను. దాని బదులు పనుల చిట్టా రాశా, పదిహేడు వచ్చాయి. టెంట్లు ఆరబెట్టడం, తాళ్ళు లెక్కపెట్టడం, హైకింగ్ రూటు ముందురోజు నడిచి చూసి రావడం, ఇలాంటివి. పిల్లలతో కలిసి చేసేవి అందులో అయిదే, వాటికి శిక్షణ, విచారణ అయ్యాకే. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడుగుతా. మెనూ పెట్రోల్ లీడర్లకే వదిలేశా, మూడు పూటలా నూడిల్సే రాశారు, నోరు మూసుకుని ఊరుకున్నా.

కానీ పదిహేడింటిలో ఒక్కటీ తీసుకోని ఇళ్ళు ఎలాగూ నాలుగైదు ఉంటాయి. వాళ్ళ సంగతేంటి? దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

విజిల్ పక్కన పెట్టేశా:
వాళ్ళ పిల్లలకీ ముడులు నేర్పండి, అంతే.

నాలుగు గూటాలు:
మీకు చెప్పడం తేలికే, మానేశారు కాబట్టి. ఆదివారం టెంట్లు తిరగేయడం ఇష్టమన్నారుగా, పదిహేడింటిలో అది ఇంకా ఖాళీగానే ఉంది.

విజిల్ పక్కన పెట్టేశా:
మేడ ఎంత ఉంటుంది?