హెచ్‌బీ మీటరు స్టార్టప్: ముందు సబ్‌సెంటర్‌కు ఉచితంగానా, నర్సింగ్‌హోమ్‌కు అమ్మకమా?

ములుగు_చర్చ: వేలికొన రక్తంతో హిమోగ్లోబిన్ చూసే మీటరును ములుగు, భూపాలపల్లి గర్భిణుల కోసం చేస్తున్నప్పుడు, ముందు సబ్‌సెంటర్లకు ఉచితంగా ఇయ్యాలా? లేక హన్మకొండ నర్సింగ్‌హోమ్‌లకు అమ్మి నిలదొక్కుకోవాలా?

ఓరుగల్లు_ల్యాబ్: అమ్మకమే ముందు. మీటరు ఒకసారి కొనేది, రక్తపు బొట్టు వేసే స్ట్రిప్పులు నెలనెలా కొనేవి. సబ్‌సెంటర్‌కు నెలకు 40 పరీక్షలనుకుందాం. పాడయ్యేవి, మళ్లీ చూసేవి కలిపితే 50. 20 సబ్‌సెంటర్లకు వెయ్యి స్ట్రిప్పులు. ఒక్కోటి 20 రూపాయలైతే నెలకు 20 వేలు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధితో మీటర్లు వస్తయి, ఒప్పందంలో స్ట్రిప్పుల మాట ఉండదు. నిధి అయిపోయిన నెలకే మీటరు బీరువాలకు పోతది.

తాడ్వాయి_అక్క: అన్నా, నర్సింగ్‌హోమ్‌ల రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్కించే సీబీసీ యంత్రం ఉండనే ఉంటది. వాళ్లు అడిగేది ప్రింటు, బిల్లింగ్ లింకు. అవి చేసుకుంటపోతే ఏఎన్ఎంకు కావాల్సినవి వెనుకబడతయి: ఎండల కనిపించే తెర, ఊరి దుకాణంల దొరికే బ్యాటరీ, సిగ్నల్ లేనిచోట రీడింగ్ దాచుకుని తర్వాత పంపే యాప్. వానకాలంల డబ్బా మూత తీసిపెడితే స్ట్రిప్పులు తేమ పడతయి. విడివిడి ఫాయిల్ ప్యాకెట్‌కు ఖర్చెక్కువ, అయినా అదే కావాలి.

ఇగ శిక్షణ. చల్లటి వేలును పిండితే కణజాలపు నీరు కలిసి రీడింగ్ తక్కువొస్తది. చెయ్యి వెచ్చజేసి, మొదటి బొట్టు తుడిచి, తర్వాతి బొట్టు తీసుకోవాలి. గర్భిణికి డెసిలీటరు రక్తంల హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తక్కువుంటే రక్తహీనత, 7కు తక్కువైతే తీవ్రం. ఆ గీత దగ్గర తప్పు చూపిస్తే తల్లి ప్రాణం మీదికొస్తది. ఇవన్నీ ఫీల్డులనే బయటపడతయి.

కాజీపేట_క్వాలిటీ: ఇద్దరూ లైసెన్సు సంగతి వదిలేశారు. 2017 వైద్య పరికరాల నియమాల ప్రకారం అమ్మకానికే కాదు, పంపిణీకి తయారుచేసినా లైసెన్సు కావాలి. ఉచితమంటే మినహాయింపు కాదు. మీటరు పనితీరు పరీక్షించడానికి కొద్ది సంఖ్యలో తయారుచేసుకోవాలంటే ఎండీ-13 అనే ఫారంలో ఇచ్చే అనుమతి ఉంది. ఎథిక్స్ కమిటీ ఆమోదంతో, ఒకే మనిషి నుంచి ఒకే సమయంలో వేలి రక్తం, సిర రక్తం తీసి ల్యాబ్ యంత్రంతో పోల్చాలి. చాలామంది హిమోగ్లోబిన్ 10–12 మధ్య ఉన్నవాళ్లనే తీసుకుంటారు. మీటరుకు, ల్యాబ్ యంత్రానికి సగటు తేడా తక్కువగా, చక్కగా కనిపిస్తుంది కానీ 7 దగ్గర మీటరు ఎలా ఉందో తెలియదు. ఆ నమూనాల కోసం పెద్దాసుపత్రి ప్రసూతి వార్డుకు పోవాల్సిందే. బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్, ‘బిగ్’ అనే గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలకు ఇస్తుంది. ఈ పనికి అది పనికొస్తుంది, స్ట్రిప్పుల సరఫరాకు కాదు.

ఓరుగల్లు_ల్యాబ్: పోల్చి చూసుడు ముందే కావాలె, ఒప్పుకుంటున్న. అయినా మీటరు చేతికిచ్చే ముందు జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుతో రాతకోతలు కావాలె: స్ట్రిప్పులు ఏ పద్దు కింద, పాడైన మీటరు ఎన్ని రోజుల్లో మారుస్తరు. అది లేకుంటే ఇయ్యొద్దు.

తాడ్వాయి_అక్క: ఇయ్యకుండ ఆగొద్దన్నా, తక్కువచోట్ల ఇయ్యాలె. 50 చోట్ల మూడు నెలల స్ట్రిప్పుల కంటే ఐదుచోట్ల ఏడాదివి మేలు. అన్నీ ఒక్కసారే పంపితే గడువు దాటుతయి, మూడు నెలలకోసారి పంపాలె. ఏటూరునాగారం దిక్కు వాగులు పొంగకముందే, జూన్‌ల వానకాలం సరుకు చేరాలె. ఐదింటికి ఒక మీటరు అదనంగా పీహెచ్‌సీలనే ఉంచాలె.