చర్చ: మండువా ఇంటి మేడ గదిలో నేల బల్లలు – ఏ కలప?

కోనసీమ_లోగిలి: మేడ గది 12×10. గోడవైపు నాలుగు బల్లలు చెద తినేసింది. పాతవి టేకు, 12 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం. మళ్ళీ టేకేనా, మద్ది చాలా? పైన పాలిషా, నూనెనా?

సామిల్లు_బాబాయ్: మద్దే. టేకు కంటే గట్టి, ధర తక్కువ.

పాతకలప: గట్టిదనం ఎవరడిగారు? అటూ ఇటూ ఏళ్ళ తరబడి ఆరిన టేకు కదలదు. మధ్యలో మద్ది ఆరుతూ మెలి తిరుగుతుంది, సందులు పడి కింద గదిలోకి దుమ్ము రాలుతుంది.

సామిల్లు_బాబాయ్: పచ్చిది వెయ్యమన్నానా? తేమ మీటరు పెట్టి 12 శాతం చూసుకుని కొనండి.

పాతకలప: మీటరు పైపైనే చెబుతుంది. కొస నుంచి అడుగు లోపలికి కోయించి, ఆ కోసిన మొహం మీద మీటరు పిన్నులు గుచ్చండి. అసలు తేమ అక్కడ తేలుతుంది. ఏ కలప డిపోవాడు కోయనిస్తాడో చూద్దాం!

చిత్రిక: టేకైనా చేవ చూసి కొనాలి. కుర్ర టేకులో తెల్లంచు ఎక్కువ, చెద ముందు దాన్నే పడుతుంది. చిత్రిక పట్టాక అంగుళంపావు మిగలాలంటే అంగుళమున్నర కోయించాలి. నాలుగింటికి నాలుగున్నర సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు), తరుగుతో అయిదున్నర.

గోదారి_గట్టు: కలప గోల సరే, చెద గోడవైపే ఎందుకొచ్చింది? పైన పెంకు జారి గోడ నానుతోందేమో చూడండి. గోడలో కూర్చున్న దూలం కొసని ఉలితో పొడవండి. మెత్తగా దిగితే ముందు దూలం పని. కొత్త బల్లకీ గోడకీ మధ్య అరంగుళం ఖాళీ వదలండి.

పాతకలప: పడగొట్టిన ఇళ్ళ టేకు దొరికితే అదే తీసుకోండి. చిల్లుల్లోంచి తాజా పిండి రాలుతుంటే పుచ్చు పురుగు బతికే ఉన్నట్టు, ముట్టుకోవద్దు. అయస్కాంతం తిప్పి మేకులన్నీ పీకించాకే మిషన్ ఎక్కించాలి, లేకపోతే బ్లేడు పోతుంది.

సామిల్లు_బాబాయ్: ఆ బ్లేడు ఖర్చూ, పీకుడు కూలీ కలిపితే కొత్త టేకు ధరే. పాత సరుకు అమ్మేవాళ్ళ మాటలివి.

పాతకలప: మద్ది అమ్మేవాళ్ళ మాటలు పైన చదివాం లెండి.

కోనసీమ_లోగిలి: మేకులా, స్క్రూలా?

చిత్రిక: స్క్రూలే, మూడంగుళాలవి. ముందు బెజ్జం వెయ్యకపోతే టేకు కొస దగ్గర చీలుతుంది. ఒక్కో దూలం మీద రెండే, అంచు నుంచి రెండంగుళాలు లోపలికి. బల్లని బల్లకి జిగురుతో అతికించొద్దు, వానాకాలం ఉబ్బినప్పుడు మధ్యలో లేచిపోతుంది.

గోదారి_గట్టు: దూలం సంగతి చూశారా, లేదా?