లేహ్ ఫ్లైట్‌లో సైకిల్: అట్టపెట్టె చాలా, హార్డ్ కేసు కావాలా?

నల్లమల రైడర్:
జులై, ఆగస్టుల్లో శంషాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్. బండి 29 అంగుళాల చక్రాల ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 13 కిలోలు. ఖార్దుంగ్ లా కనుమ, నుబ్రా లోయ చూసుకుని మళ్లీ లేహ్ నుంచే రిటర్న్. షాపువాళ్లేమో అట్టపెట్టె చాలంటున్నారు, క్లబ్బులో హార్డ్ కేసు (గట్టి పెట్టె) అద్దెకు తీసుకోమంటున్నారు. టైర్లలో గాలి మొత్తం తీసేయాలా?

ఏరోబార్:
హార్డ్ కేసే. జులై, ఆగస్టు అంటే ఢిల్లీలో వానలు, సామాను ట్రాలీలు ఆరుబయటే ఆగుతాయి. అట్ట ఒకసారి నానిందంటే చేతులు పెట్టి ఎత్తే రంధ్రాల దగ్గరే చిరుగుతుంది. పైన సూట్‌కేసులు పడితే బరువంతా ఫ్రేమ్ మీదకే.

పంక్చర్ కిట్:
ఏరోబార్ గారూ, బరువు లెక్క వేశారా? ఖాళీ హార్డ్ కేసే 10-12 కిలోలు, బండితో కలిపి 25 దాకా. దేశంలో తిరిగే ఎకానమీ టికెట్ల మీద ఉచితం సాధారణంగా 15 కిలోలు. అట్టపెట్టె 3-4 కిలోలే. ఆ తేడాకి రానూపోనూ ఎక్సెస్ బ్యాగేజీ చార్జీ కట్టాలి.

అసలు విరిగేది బయటి దెబ్బకంటే లోపల సరిగా సర్దకే. మొదట పోయేది హ్యాంగర్, అంటే వెనక డీరెయిలర్‌ని (చైన్‌ని గేర్ల మీద జరిపే భాగం) ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క. మెత్తటి అల్యూమినియం, పెట్టె ఆ పక్కకి పడితే చాలు వంగిపోతుంది. గేరు మార్చి లోపలికి నెట్టడం సరిపోదు. 5 ఎంఎం అలెన్‌తో డీరెయిలర్ విప్పి, బబుల్ షీట్ చుట్టి, చైన్‌స్టే (వెనక చక్రం పక్కనుండే ఫ్రేమ్ గొట్టం) లోపలివైపు జిప్ టై వేయండి. రెండోది ఫోర్కు, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం. ముందు చక్రం తీశాక కాళ్ల మధ్య ఆసరా ఉండదు. త్రూ యాక్సిల్ (మరతో బిగించే లావు ఇరుసు) ఉంటే దాన్నే తిరిగి ఫోర్కులో బిగించండి, క్విక్ రిలీజ్ (లివర్‌తో బిగించే సన్న ఇరుసు) అయితే షాపులో ప్లాస్టిక్ స్పేసర్ అడగండి, కొత్త బళ్లతో వచ్చి ఊరికే పడుంటాయి. తీసిన చక్రం రోటర్ (బ్రేకు పళ్లెం) విప్పి విడిగా పెట్టాలి. కాలిపర్‌లో (రోటర్‌ని నొక్కే బ్రేకు భాగం) ప్యాడ్ల మధ్య స్పేసరో మడిచిన అట్టో దూర్చాలి. లేకపోతే దారిలో బ్రేకు లివర్ నొక్కుకుని పిస్టన్లు బయటికొచ్చి, లేహ్‌లో రోటర్ దూరదు.

ఏరోబార్:
ఇవన్నీ హార్డ్ కేసులోనూ చేయాల్సినవే, కాదనను. కానీ పక్కల నుంచి నొక్కుడు పడితే అట్ట ఏం ఆపుతుంది?

పంక్చర్ కిట్:
పెట్టె వెడల్పుకి కోసిన పీవీసీ పైపు ముక్కలు రెండు మూడు అడ్డంగా నిలబెడితే ఆపుతుంది. ఫ్రేమ్‌కి ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల ఫోమ్ ట్యూబ్ నిలువునా చీల్చి తొడగండి, షాపుల్లో దొరికే దేనికన్నా అదే నయం. తడికి అడుగున పాలిథిన్ షీటు. పెడళ్లు మాత్రం సంచిలో వేసి ఫ్రేమ్‌కి కట్టాలి, వదులుగా ఉంటే పెట్టె చిల్లు పడేది వాటితోనే. ఎడమ పెడల్‌ది రివర్స్ థ్రెడ్, గడియారం దిశలో తిప్పితేనే ఊడుతుంది.

ట్యూబ్‌లెస్ తమ్ముడు:
గాలి సంగతి చెప్పలేదేం అన్నా? పూర్తిగా తీస్తే ట్యూబ్‌లెస్ టైరు బీడ్ (అంచు) రిమ్ము నుంచి వదిలి సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పెట్టెలో కారుతుంది. ఇక పేలడమంటారా, కార్గో గదిలోనూ క్యాబిన్ మాదిరే ఒత్తిడి ఉంచుతారు, మహా అయితే 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంత. హైదరాబాద్‌లో 30 పీఎస్‌ఐ కొట్టిన టైరు అక్కడ సుమారు 33 అవుతుంది. లేహ్ విమానాశ్రయం అంతకంటే ఎత్తు, 3,256 మీటర్లు. దిగాక నేల మీదే 34 చూపిస్తుంది!

ఏరోబార్:
లెక్క కరెక్టే తమ్ముడూ. కౌంటర్‌లో అమ్మాయికి ఈ ఫిజిక్స్ చెప్పి ఒప్పిస్తావా? గాలి తీయాలని ఎయిర్‌లైన్ రూల్లో ఉంటే తీయాల్సిందే. 10-15 పీఎస్‌ఐ ఉంచితే నొక్కి చూసినా మెత్తగానే ఉంటుంది, రిమ్ముకీ రక్షణ. టైర్లలో గాలి నింపే సీఓ2 సిలిండర్ల జోలికి పోవద్దు, ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి లేకుండా కుదరదు. చిన్న పంపు పెట్టుకోండి. పవర్‌బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులోనే.

ఒకటి ఒప్పుకుంటా. ఎవరైనా మనాలి నుంచి తొక్కుకుంటూ లేహ్ చేరి ఫ్లైట్ ఎక్కుతామంటే హార్డ్ కేసు మాటే లేదు, దాన్నెవరు మోస్తారు? నల్లమల గారు బయల్దేరిన చోటికే వస్తున్నారు, కేసు గెస్ట్‌హౌస్‌లో వదలొచ్చు.

పంక్చర్ కిట్:
అట్టపెట్టె అయినా అంతే, మడిచి మంచం కింద తోస్తారు. రిటర్న్‌కి టేపు రోల్, జిప్ టైలు మిగుల్చుకోండి, సెక్యూరిటీవాళ్లు తెరవమంటే మళ్లీ అతికించాలిగా. ఇంకోటి, చెకిన్‌లో 'లిమిటెడ్ రిలీజ్' ట్యాగు మీద సంతకం పెట్టమంటారు. అది పెడితే ప్యాకింగ్ లోపమని చెప్పి నష్టపరిహారం ఎగ్గొట్టడం వాళ్లకి సులువు. అందుకే ప్యాక్ చేస్తూ లోపలి ఫొటోలు తీయండి. దిగాక బెల్టు దగ్గరే పెట్టె విప్పి హ్యాంగర్, రోటర్ చూసుకుని, తేడా ఉంటే బయటికి రాకముందే రిపోర్టు రాయించండి.

నల్లమల రైడర్:
అట్టపెట్టెకే మొగ్గుతున్నా. స్పేర్ హ్యాంగర్ కూడా కొంటా. ఏ బండికైనా ఒకటే సరిపోతుందా?

ట్యూబ్‌లెస్ తమ్ముడు:
లేదన్నా, ఫ్రేమ్ మోడల్‌ని బట్టి మారుతుంది. పాతది విప్పి పట్టుకెళ్లి, బోల్టు రంధ్రాలు సరిపోల్చి కొనండి.