పిల్లి, ఎలుక, లవెల్ కుక్క: ఇక్కడ పంది అనాలా, వరాహం అనాలా?

ప్రశ్న:
1484 జులైలో లండన్ సెయింట్ పాల్స్ చర్చి తలుపుకి ఎవరో అంటించిన రెండు పాదాలు ఇవి:
"ద క్యాట్, ద రాట్ అండ్ లవెల్ అవర్ డాగ్
రూల్ ఆల్ ఇంగ్లాండ్ అండర్ ఏ హాగ్."
నేను "మార్జాలము, మూషికము, లవెల్ శునకము వరాహచ్ఛాయలో ఇంగ్లాండునేలుచున్నవి" అని తెనిగించాను. చదువుతుంటే తిట్టులా లేదు, స్తోత్రంలా ఉంది. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు:
వరాహం దగ్గరే కొట్టిందండీ. మూడో రిచర్డ్ రాజు చిహ్నం తెల్ల అడవిపంది. సంకల్పంలో మనం చెప్పుకునే శ్వేతవరాహమే అనుకోండి. ఆయన మనుషులు దాన్ని బ్యాడ్జీగా గర్వంగా పెట్టుకుని తిరిగేవారు. పద్యం రాసిన విలియం కాలింగ్‌బోర్న్ ఆ వరాహాన్ని ఊరపందిని చేశాడు. తిట్టంతా అందులోనే ఉంది. మీరేమో దాన్ని కడిగి, బొట్టుపెట్టి మళ్ళీ సింహాసనం ఎక్కించారు.

పద్యంలోని ముగ్గురూ రిచర్డ్‌కి దగ్గరి మనుషులు: కేట్స్‌బీ, రాట్‌క్లిఫ్, లవెల్. కేట్స్‌బీలో క్యాట్, రాట్‌క్లిఫ్‌లో రాట్ ఉన్నాయి కాబట్టి ఆ రెండూ ఉత్త పేర్ల మీద ఆట. లవెల్ సంగతి వేరు. పాత ఫ్రెంచిలో ఆ ఇంటిపేరుకి అర్థం తోడేలు పిల్ల. తోడేలు వంశంలో పుట్టినవాణ్ణి కుక్క అన్నారు, పైగా "మన కుక్క" అన్నారు.

ఈ ఫ్రాన్సిస్ లవెల్ తండ్రి 1465లో పోయాడు, కొడుకు అప్పటికి చిన్నపిల్లాడు. తల్లి విలియం స్టాన్లీని మళ్ళీ పెళ్ళి చేసుకుని, మరుసటేడు ఆవిడా పోయింది. ఆస్తిపరుడైన పిల్లాడు అనాథ అయితే అతని సంరక్షణ, పెళ్ళి రాజుగారి చేతిలో ఉండే రోజులవి. వార్విక్ ప్రభువు మేనకోడలు అన్ ఫిట్జ్‌హ్యూతో పసితనంలోనే పెళ్ళి అయిపోయింది. ఆ తర్వాత రిచర్డ్‌తో స్నేహం. 1483లో వైకౌంట్ బిరుదు వచ్చింది. అదే ఏడు రిచర్డ్ రాజు కాగానే చాంబర్లేన్ పదవి వచ్చింది. అంటే రాజు దర్శనం కావాలంటే ముందు ఈయన గుమ్మం దాటాలి. "కుక్క" అనడంలో ఈ గుమ్మం కాపలా కూడా ఉందని నా ఊహ.

కాలింగ్‌బోర్న్‌ని అదే ఏడు చివర్లో చంపేశారు. పద్యం రాసినందుకే అంటుంటారు గానీ, సింహాసనానికి పోటీదారైన హెన్రీ ట్యూడర్‌ని రమ్మని కబురు పంపాడన్న అభియోగం అంతకంటే పెద్దది.

1485 ఆగస్టు 22న హెన్రీ ట్యూడర్‌తో జరిగిన బాస్‌వర్త్ యుద్ధంలో పంది పోయింది, ఎలుక పోయింది. మూడు రోజులకి పిల్లి తల తీశారు. "మిమ్మల్ని నమ్ముకున్నాను, నా దేహాన్ని కాపాడలేదు, ఆత్మ కోసమైనా ప్రార్థించండి" అని కేట్స్‌బీ వీలునామాలో స్టాన్లీలకి రాసుకున్నాడు. యుద్ధం మధ్యలో రిచర్డ్ మీదికి మళ్ళినవాడు లవెల్ ఒకప్పటి మారుతండ్రి విలియం స్టాన్లీయే. ఏం చుట్టరికాలో!

మిగిలింది కుక్క. ఏడో హెన్రీగా రాజైన ఆ హెన్రీ ట్యూడర్ పార్లమెంటు చేత లవెల్‌ని ద్రోహి అనిపించి ఆస్తంతా లాక్కున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో విండ్రష్ ఏటి ఒడ్డున ఉన్న మిన్‌స్టర్ లవెల్ భవనం రాజు బాబాయి జాస్పర్ ట్యూడర్‌కి పోయింది. లవెల్ 1486లో తిరగబడి ఓడి ఫ్లాండర్స్ చేరాడు. మరుసటేడు డబ్లిన్‌లో లాంబర్ట్ సిమ్నెల్ అనే కుర్రాణ్ణి అసలు రాజు ఇతడేనంటూ నిలబెట్టి కిరీటం పెట్టినవాళ్ళలో ఈయనా ఉన్నాడు. 1487 జూన్ 16న స్టోక్ దగ్గర జరిగిన యుద్ధంలో ఆ తిరుగుబాటూ ఓడిపోయింది. లవెల్ గుర్రంతో ట్రెంట్ నదిలో దిగి ఈదుతుండగా చూశామన్నారు. ఆ తర్వాత ఇంగ్లాండులో ఎవరికీ కనబడలేదు. 1488లో స్కాట్లాండ్ రాజు ఆయన పేరుతో ఒక రక్షణపత్రం మాత్రం ఇచ్చాడు.

లవెల్ అత్తగారు ఆలిస్ ఫిట్జ్‌హ్యూ జాన్ పాస్టన్ అనే పెద్దమనిషికి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. కూతురు భర్త కోసం నానా తంటాలు పడుతోందనీ, ఎడ్వర్డ్ ఫ్రాంక్ అనే ఆయన ఉత్తరాదికి వెళ్ళి వెతికి ఆచూకీ తెలియక తిరిగొచ్చాడనీ అందులో ఉంది. అల్లుణ్ణి ఆవిడ "నా కొడుకు" అనే రాసింది. పిల్లలు లేరు కాబట్టి ఆ శాఖ అక్కడితో సరి.

1708లో ఆ మిన్‌స్టర్ లవెల్ భవనంలో రహస్య గది బయటపడిందనీ, అందులో బల్ల ముందు కూర్చున్న అస్థిపంజరం కనిపించిందనీ, అది లవెల్‌దేననీ కథ చెబుతారు. రాజు బాబాయికి దక్కిన ఇంట్లోనే వెళ్ళి దాక్కుంటాడా? నాకు నమ్మకం లేదు.

ఇదీ నా ప్రయత్నం, ఛందస్సు అడగకండి:
"పిల్లి, ఎలుక, మన లవెల్లు కుక్క
ఎల్ల నేలనేలె పంది పక్క."

ఇంకొకరు:
కుక్క అంటే మనకి విశ్వాసం కూడా కదా మాస్టారూ. తిట్టు పలచబడదా?

జవాబు:
పిల్లి, ఎలుక, పందుల మధ్య కూర్చోబెట్టాక విశ్వాసం ఎవరికి గుర్తొస్తుందండీ! పక్కన పంది ఉన్నంతసేపూ అది తిట్టే.

మొదట అడిగినవారు:
ప్రాస బాగుంది కానీ "పక్క" అంటే పంది సరసన అని వస్తోంది. మూలంలో పంది కింద కదా. ఇలా అంటే?
"పిల్లి, ఎలుక, లవెల్ కుక్క మంద
ఎల్ల నేలనేలె పంది కింద."

జవాబు:
నాదానికంటే నయం. కానీ "మన" ఎగిరిపోయింది. నాకు ఆ "మన" కావాలి.