సుడిదోమకి డబల్ డోస్ కొట్టినా చావట్లా, "జీన్ మారిపోయింది" అంటే ఏందన్నా?

కయ్యకాడ_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది విడవలూరు పక్కన, నాలుగెకరాల వరి, బీపీటీ 5204 రకం, నాటి 70 రోజులైంది. పది రోజుల కింద నాయన కయ్య మధ్యలోకి దిగి దుబ్బు చీల్చి చూస్తే మొదట్లో దోమ గుంపులు గుంపులుగా ఉంది, వేలు దగ్గర పెడితే అడ్డంగా నడుచుకుంటా దంటు వెనక్కి పోయి దాక్కుంటా ఉండాయి. షాపులో ఇమిడాక్లోప్రిడ్ ఇస్తే కొట్టాం. నాలుగు రోజులు చూసి మళ్లీ అదే డబల్ డోస్ కొట్టాం. ఇప్పుడు మూడు చోట్ల మంచమంత మేర సుడి తిరిగి ఎండిపోయింది. షాపాయన్ని అడిగితే "మీ ఊరి దోమ జీన్ మారిపోయింది అబ్బయా" అని ఇంకో డబ్బా చేతిలో పెట్టాడు, ఇంటికొచ్చి చిన్నక్షరాలు చదివితే థయామెథాక్జామ్ అని ఉంది. ఇది వేరే మందేనా? అసలు మందు కొడితే జీన్ మారిపోద్దా? నేను బీకాం, తిట్టకుండా చెప్పండి.

పెన్నొడ్డు_పెద్దాయన:
అబ్బయా, జీన్ సంగతి తర్వాత, ముందు మడవ తెరిచి కయ్యలో నీళ్లు తీసెయ్. రెండు మూడు రోజులు ఆరనీ. దోమకి కావాల్సింది నీడ, తేమ. కాలిబాటలు తీశారా? రెండు మీటర్లకి ఒక జానెడు వదలమని చెప్తే కూలోళ్లకి చెప్పలేక మనమే వదిలేస్తాం. మా చిన్నప్పుడు మొలగొలుకులు అని పాత వరి రకం వేసేటప్పుడు ఇన్ని డబ్బాలు యాడివి, అయినా యూరియా ఇంత గుమ్మరించలేదులే. ఇంకోటి, మందు పైన ఆకుల మీద కొట్టారా, మొదట్లో తడిసేటట్టు కొట్టారా?

పురుగుల_పీజీ:
ఎంటమాలజీ, అంటే పురుగుల శాస్త్రం చదువుతున్నా, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు తమ్ముడూ.

మందు కొట్టబట్టి జీన్ (జన్యువు) మారలేదు. లక్షల దోమల్లో ఏ నాలుగింటికో ఆ మార్పు ముందే ఉంటుంది, మందు మిగతావాటిని చంపేసి ఆ నాలుగింటికీ కయ్య ఖాళీ చేసి అప్పజెప్తుంది. ఒక్కో ఆడది రెండు మూడొందల గుడ్లు పెడుతుంది, నెల తిరక్కుండా తర్వాతి తరం రెడీ. మన నెల్లూరులో రబీ కోత అవ్వగానే ఎడగారు, అంటే రెండో పంట నాట్లు పడతాయి కదా, వాటికి తిండికి గ్యాప్ ఎక్కడిది.

ఇమిడాక్లోప్రిడ్ దోమ నరాల్లో సంకేతాలు అందుకునే ఒక ప్రొటీన్‌కి, అంటే రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, తాళంలో తాళంచెవి ఇరుక్కున్నట్టు. 2005లో శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో తరాల తరబడి మందు పెట్టి పెంచిన దోమల్లో ఆ తాళమే మారిపోవడం చూశారు, ఆ ప్రొటీన్ గొలుసులో 151వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం బదులు సెరీన్ అనేది వచ్చింది, అంతే, చెవి సరిగ్గా పట్టదు. చాలామంది ఈ కథ దగ్గరే ఆగిపోతారు. కానీ పొలాల్లో పట్టిన దోమల్లో ఆ మార్పు పెద్దగా దొరకలేదు. అక్కడ జరుగుతున్నది వేరే. దోమ ఒంట్లో విషాన్ని విరగ్గొట్టే పీ450 అనే ఎంజైములు ఉంటాయి, వాటిల్లో సీవైపీ6ఈఆర్1 అనే దాని జీన్ కొన్ని దోమల్లో రెండు కాపీలైంది. ఒక కాపీ పాత పని చేసుకుంటా ఉంటే రెండోది కొద్దిగా మారి ఇమిడాక్లోప్రిడ్‌ని నమిలేయడం నేర్చుకుంది, పైగా ఆ కాపీ మామూలు కంటే ఎక్కువ ఎంజైమ్ తయారుచేస్తుంది. ఇది 2018లో బయటపడింది. నాకైతే పీజీలో చదివిన వాటన్నిటిలో ఇదే కిక్కు ఇచ్చింది, పాత కాపీ చెడిపోకుండానే కొత్త పని పుట్టడం.

ఇప్పుడు డబల్ డోస్ సంగతి. చైనా, వియత్నాం లాంటి చోట్ల ఈ మందుకి వందల రెట్లు తట్టుకునే దోమలు దొరికాయి. వంద రెట్లు తట్టుకునేదానికి నువ్వు రెండు రెట్లు కొడితే దానికేం పోయింది? పోయేది సాలీళ్లు, దోమ గుడ్లు పీల్చే ఆకుపచ్చ మిరిడ్ నల్లులు. థయామెథాక్జామ్ కూడా ఇమిడాక్లోప్రిడ్ లాగే పనిచేసే మందు, అదే గ్రూపు, 4ఎ. డబ్బా వెనక్కి ఇచ్చేయ్.

దర్శి_రైతుబిడ్డ:
పీజీ అన్న చెప్పింది కరెక్టే కానీ ప్రతిదానికీ రెసిస్టెన్స్, అంటే దోమ మందుని తట్టుకుంటాంది అనేయొద్దు. పోయినేడు మా సాగర్ కాలవ కింద నేను బుప్రోఫెజిన్ అనే మందు కొట్టి రెండో రోజే పొయ్యి చూసి చావలేదని తలకాయ పట్టుకున్నా. అది కుబుసం విడిచేటప్పుడు పిల్ల దోమని చంపేది, రెక్కల దోమని చంపదంట, మూడు నాలుగు రోజులు పట్టుద్ది. ఈలోపు పక్కాయన మాట విని సింథటిక్ పైరెత్రాయిడ్ అనే ఇంకో రకం పురుగుమందు కొట్టా, దాంతో దోమ ఇంకా రెట్టింపైంది, అది నా తప్పే. ఈ ఏడు ఎంటీయూ 1010 వరి రకం వేశా, దోమని కాస్త తట్టుకుంటది.

పురుగుల_పీజీ:
పైరెత్రాయిడ్ దోమకి బలం మందు అన్నా, మిత్రపురుగుల్ని లేపేస్తుంది. రకం విషయంలో కూడా దోమ ఊరుకోదు, ఫిలిప్పీన్స్‌లో ఇర్రీ (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) 1973లో ఐఆర్26 అని దోమని తట్టుకునే రకం వదిలితే రెండు మూడేళ్లకే దోమ దాన్నీ తినడం మొదలెట్టింది. అందుకే ఊరంతా ఒకే రకం, ఒకే మందు అంటే నాకు భయం.

కయ్యకాడ_కుర్రోడు:
అన్నా ఇప్పుడు సగం అర్థమైంది. ఒక డౌటు, ఆ మందు రెండేళ్లు మానేస్తే దోమ మళ్లీ మామూలు అవుద్దా? ఇంగ ఇప్పుడేం కొట్టాలి?

పురుగుల_పీజీ:
రెసిస్టెంట్ దోమలు మందు లేనప్పుడు కాస్త వెనకబడతాయి, గుడ్లు తక్కువ పెడతాయి, ల్యాబ్‌లో చూశారు. కానీ నువ్వొక్కడివే మానేస్తే చాలదు, పొడుగు రెక్కల దోమ గాల్లో ఎగిరొచ్చి పక్కూరి జీన్ నీ కయ్యలో దించిపోతుంది. కాబట్టి గ్రూపు మార్చు. పైమెట్రోజిన్ ఎకరాకి 120 గ్రాములు, లేదా ట్రైఫ్లూమెజోపైరిమ్ 94 మిల్లీలీటర్లు, రెండిట్లో ఏదో ఒకటి. పైమెట్రోజిన్ కొడితే దోమ వెంటనే రాలదు, రసం పీల్చడం ఆపి ఆకలితో నిదానంగా పోతుంది, భయపడి మళ్లీ కొట్టకు. కొట్టే ముందు ఒక పది దుబ్బులు తట్టి లెక్కపెట్టు, దుబ్బుకి పది పదిహేను దాటితేనే కొట్టు.

పెన్నొడ్డు_పెద్దాయన:
నేనడిగిందానికి ఇంకా జవాబు రాలా.

కయ్యకాడ_కుర్రోడు:
పెద్దాయనా, పైనే కొట్టాం. పవర్ స్ప్రేయర్‌తో గెనిమ మీద నిలబడి. ఇప్పుడు మడవ తెరిచా, పది దుబ్బులు తట్టితే ఒక్కోదాంట్లో ముప్ఫై పైనే ఉండాయి. డబ్బా వెనక్కి తీసుకోనన్నాడు షాపాయన, బిల్లు లేదంట. రేపు పైమెట్రోజిన్ తెస్తా, ఈసారి సాళ్లు చీల్చుకుంటా మొదట్లోనే కొడతాం, నాలుగో రోజు మళ్లీ లెక్క పెట్టి ఇక్కడే రాస్తా.