యూరప్ కప్‌లో కేప్‌టౌన్ జట్టేంటి? ఈ రగ్బీ లెక్క ఎవరైనా చెప్పండి

డబ్లిన్_చంటి:
ఇక్కడికొచ్చి ఏడాదైంది. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. ఆఫీసులో ఒకాయన వెళ్లడం కుదరక తన లెన్‌స్టర్ (ఇక్కడి రగ్బీ జట్టు) మ్యాచ్ టికెట్ నాకిచ్చాడు. అవీవా స్టేడియంలో ఎదుటి జట్టువాడు పెనాల్టీ తన్నబోతుంటే జనమంతా గప్‌చుప్. నేనొక్కడినే గట్టిగా ఈల వేశా. ముందు వరస పెద్దాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.
ఇంటికొచ్చి పాయింట్ల పట్టిక చూస్తే తల తిరిగింది. పూల్‌లో, అంటే గ్రూపులో 6 జట్లు, ఆడేది 4 మ్యాచ్‌లే. ఓడినవాళ్లకీ పాయింట్లు!

తూలూజ్_సుబ్బు:
తమ్ముడూ, ఆ ఈల సంగతి ఆఫీసులో చెప్పకు.
నువ్వు చెప్పే యూరప్ కప్ పేరు ఛాంపియన్స్ కప్. అందులో 24 జట్లు. ఫ్రాన్స్ టాప్ 14, ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్, మీ లెన్‌స్టర్ ఆడే యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్, మూడింటి నుంచీ ఎనిమిదేసి. ఒక్కో పూల్‌లో లీగుకి రెండు. సొంత లీగువాళ్లతో ఏడాదంతా ఎలాగూ కొట్టుకుంటారు కాబట్టి పూల్‌లో వాళ్లతో ఆడరు. మిగతా నాలుగింటితో ఒక్కోసారి, రెండు సొంత మైదానంలో, రెండు బయట.
గెలిస్తే 4, డ్రా అయితే 2. నాలుగు ట్రైలు (బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించడం) కొడితే ఇంకో 1. ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడినా 1. ప్రో కబడ్డీ చాలా సీజన్లు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు, అక్కడా 2024 సీజన్ దాకా ఏడే ఉండేది.
కేప్‌టౌన్ స్టార్మర్స్ ఆడేది కూడా మీ లీగులోనే. అలా 2022-23 నుంచి దక్షిణాఫ్రికా జట్లు వచ్చాయి.

కార్డిఫ్_రావు:
ఒక్కో పూల్ నుంచి నలుగురు ముందుకి, అంటే 24లో 16. ఐదో జట్టుకి ఛాలెంజ్ కప్‌లో (యూరప్ రెండో స్థాయి కప్పు) చోటు. ఆరోది మాత్రమే ఇంటికి! ఇంత మాత్రానికి డిసెంబరు చలిలో వణకడం ఎందుకండీ?

తూలూజ్_సుబ్బు:
రావుగారూ, పోటీ అంతా సొంత మైదానం కోసం. పూల్‌లో మొదటి రెండు స్థానాలవాళ్లకి తర్వాతి రౌండు ఇంటి దగ్గరే. పైకి వెళ్లేకొద్దీ ఎవరి ర్యాంకు మెరుగైతే మ్యాచ్ వాళ్ల దగ్గర. ఫైనల్ వేదిక మాత్రం ముందే తేల్చేస్తారు.
అయినా గ్యారంటీ లేదు. 2025లో లెన్‌స్టర్ హార్లెక్విన్స్‌ని 62-0, గ్లాస్గోని 52-0 కొట్టి, సెమీస్‌లో అదే అవీవాలో నార్తాంప్టన్ చేతిలో 37-34తో ఓడింది. మా తూలూజ్‌కి 6 కప్పులు, ఊరికే చెప్తున్నా.

డబ్లిన్_చంటి:
ఓహో! నార్తాంప్టన్ పేరెత్తగానే మా టికెట్ ఆయన కాఫీ కప్పు పట్టుకుని లేచి వెళ్లిపోయింది ఇందుకా!