‘అయోమయం’కి సరైన వ్యతిరేక పదం ఏది?

ప్రశ్న:
ఒక కథ రాస్తున్నాను. అందులో ఒకమ్మాయి చాలా రోజులు అయోమయంలో ఉంటుంది, చివర్లో అది పోతుంది. అక్కడ మాట దొరకడం లేదు. ‘ఆమె ఇప్పుడు స్పష్టంగా ఉంది’ అని రాస్తే కంటికి బాగా కనిపిస్తోంది అన్నట్టుంది. ‘క్లారిటీ వచ్చింది’ అని రాయడానికి మనసొప్పడం లేదు. అయోమయంలో ‘అ’ తీసేస్తే వ్యతిరేకం వస్తుందా?

జవాబు:
రాదండీ. అన్యాయంలోని ‘అ’ వేరు, ఇది వేరు. సంస్కృతంలో అయస్ అంటే ఇనుము. మనస్, మయం కలిసి మనోమయం అయినట్టే అయస్, మయం కలిసి అయోమయం అయింది. అక్కడ దాని అర్థం ఇనుముతో చేసినది అని. ఏమీ పాలుపోని స్థితి అన్న అర్థం తెలుగులో స్థిరపడింది.

మీ వాక్యం కుదరకపోవడానికి కారణం మాట కాదు, ‘ఆమె’. అర్థం కావడం గురించి చెప్పేటప్పుడు తెలుగులో మనిషికి ‘కి, కు’ చేరుస్తాం: ఆమెకు అర్థమైంది, బోధపడింది, తెలిసొచ్చింది. ‘ఆమెకు స్పష్టత వచ్చింది’ అన్నా తప్పులేదు గానీ కాస్త ఆఫీసు భాషలా ఉంటుంది. ఇంతకీ ఆ అమ్మాయి దేనికి అయోమయపడుతోంది? విషయం అర్థం కాకా, ఏం చేయాలో తేలకా, కంగారు వల్లా? ఒక్కోదానికి ఒక్కో మాట.

అడిగినవారు:
విషయం తెలుసు. రెండు దారుల్లో దేన్ని ఎంచుకోవాలో తెలియదు.

జవాబు:
అయితే అది ఊగిసలాట. బోధపడింది, విశదమైంది లాంటివి మీకు పనికిరావు. ‘తేల్చుకుంది’, ‘నిశ్చయించుకుంది’ సరిపోతాయి. నా ఓటు ‘తేల్చుకుంది’కే. ‘ఎటూ తేల్చుకోలేక’ అని రోజూ అంటూనే ఉంటాం కదా, దానికి ఎదురుమాట అందులోనే ఉంది.

మరొకరు:
‘తేటతెల్లమైంది’ వాడకూడదా? నాకు ఎంతో ఇష్టమైన మాట.

జవాబు:
విషయానికి వాడొచ్చు, మనిషికి కాదు. ‘నిజం తేటతెల్లమైంది’ బాగుంటుంది, ‘ఆమె తేటతెల్లమైంది’ కుదరదు. నాకూ ఇష్టమైన మాటే. బురదనీళ్ళు బిందెలో పోసి కదపకుండా ఉంచండి. మడ్డి నెమ్మదిగా అడుక్కి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. నీళ్ళు అలా తేటపడితే ‘తేరాయి’ అంటాం. దిగ్భ్రమలో ఉన్న మనిషి మామూలు స్థితికి వస్తే ‘తేరుకుంది’ అంటాం. రెండింటిలోనూ ఉన్నది ‘తేరు’ అన్న ఒకే క్రియ. కంగారు తగ్గిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి తెలుగు మాట నాకు తెలియదు. స్థిమితపడింది, కుదుటపడింది కూడా ఆ పనికే వస్తాయి.

ఇంకొకరు:
మా అబ్బాయికి పరీక్షలో ‘సందిగ్ధం’ వ్యతిరేక పదం అడిగారు. నిర్ణయం అని రాశాడు. తప్పా?

జవాబు:
పరీక్షలో అయితే ‘అసందిగ్ధం’ రాయాలి. సందేహానికి నిస్సందేహం. కానీ మీ అబ్బాయి ఆలోచన తీసిపారేసేది కాదు. న్యాయశాస్త్రం (కోర్టు చట్టాలది కాదు, మన పాత తర్కశాస్త్రం) చెప్పే 16 పదార్థాల్లో, అంటే తెలుసుకోవాల్సిన అంశాల్లో, సంశయం ఒకటి, నిర్ణయం ఒకటి. సంశయంతో మొదలైన విచారణ నిర్ణయంతో తీరుతుంది. పిల్లవాడికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

అడిగినవారు:
ఇలా రాశాను, చూడండి: ‘ఆమె ఎట్టకేలకు తేల్చుకుంది, మనసులో స్పష్టత ఏర్పడింది.’

జవాబు:
రెండో ముక్క తీసేయండి. మొదటిదే ఆ పని చేసేసింది.

అడిగినవారు:
తీసేశాను. ‘ఆమె ఎట్టకేలకు తేల్చుకుంది.’ ఇప్పుడు సరిగ్గా ఉంది, చాలా థాంక్స్ అండీ.